అబార్షన్ లెక్కల్లో ఎవరెక్కువ ఎవరు తక్కువ అనే ముందు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను బొబ్బిలి నుంచి రాస్తున్నాను. ఏఎన్ఎమ్‌గా చేరి హెల్త్ సూపర్వైజర్‌గా రిటైర్ అయ్యాను, ముప్పై ఏళ్ళకి పైగా రిజిస్టర్లు మోసిన చెయ్యి ఇది, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో అబార్షన్ల మీద ఒక స్టోరీ వేశారు కదండీ, రంగురంగుల పట్టీల చార్టుతో, పట్నం ఆడవాళ్ళు ఇంత, పల్లె ఆడవాళ్ళు ఇంత, చదువుకున్నోళ్ళు ఇంత, చదువు లేనోళ్ళు ఇంత, గిరిజనులు ఇంత అని. పైన హెడ్డింగేమో చదువు పెరిగేకొద్దీ గర్భస్రావాలు పెరుగుతున్నాయని. ఆ పొద్దున్నే మా సందు చివర టీకొట్టు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు అదే పేజీ మడిచి పట్టుకుని "చూశావేటి, చదువుకున్న గుంటలకే ఈ రోగం" అనుకుంటుంటే నేను పాలప్యాకెట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వాళ్ళతో వాదించడానికి నోరు రాలేదు గానీ మీకు రాయడానికి చెయ్యొచ్చింది.

నేను చెప్పేది ఒకటే ముక్కండి. ఆ పట్టీల పొడుగు చూసి ఎవరు ఎంతమంది చేయించుకున్నారో తెలీదు. ఎవరు నోరు విప్పి చెప్పారో, ఎవరి సంగతి కాగితం మీద పడిందో, అదీ తెలిసేది. అది తీసుకొచ్చి ఫలానా ఆడవాళ్ళు ఇలాంటోళ్ళు అని తేల్చేస్తే ఎలాగండీ.

ముందు మాట దగ్గరే తేడా ఉంది. మీరు స్టోరీ అంతటా గర్భస్రావం అని రాశారు. దానంతట అదే పోయినా గర్భస్రావమే, చేయించుకున్నా గర్భస్రావమే అని మన పేపర్లన్నీ రాస్తాయి. ఊళ్ళో ఆడోళ్ళు అలా అనరు. కడుపు పోయింది అంటే ఒకటి, తీయించుకుంది అంటే ఇంకోటి. అబార్షన్ అయింది, అబార్షన్ చేయించుకుంది, ఈ రెంటికీ ఎంత తేడా ఉందో తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు. మేం నెలనెలా పంపే రిపోర్టులో కూడా వాటికి వేరే వేరే గళ్ళు ఉంటాయి, తనంతట పోయినవి ఒక గడి, ఎంటీపీ, అంటే చట్టప్రకారం డాక్టరు చేసిన అబార్షన్, 12 వారాల లోపువి ఒక గడి, 12 వారాలు దాటినవి ఇంకో గడి. మీ వాళ్ళు ఏ గడి తీసుకుని పట్టీ గీశారో, మూడూ కలిపేశారో ఎక్కడా రాయలేదు. మూడో నెల్లో బండి మీద గతుకుల్లో పడిలేస్తూ ఆసుపత్రికి వచ్చేసరికే కడుపు పోయి గోలుగోలున ఏడ్చిన పిల్లల్ని ఎంతమందినో చూశాను, వాళ్ళని కూడా ఆ పట్టీలో కలిపి చదువుకున్నోళ్ళ రోగం అంటే కడుపు రగిలిపోదా చెప్పండి.

ఇంక సర్వేల సంగతికి వస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 నాటి ఐదో విడత, దాని ప్రకారం దేశంలో అంతకుముందు ఐదేళ్ళలో వచ్చిన గర్భాల్లో 3 శాతం అబార్షన్‌తో ముగిశాయి. అదే దేశంలో 2015 సంవత్సరానికి లెక్కకట్టి 2018 జనవరి లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వేసిన అధ్యయనం ప్రకారం ఏడాదికి 1 కోటి 56 లక్షల అబార్షన్లు, అంటే గర్భాల్లో మూడో వంతు. 3 శాతం ఎక్కడ, మూడో వంతు ఎక్కడ! పదిరెట్లు తేడా. ఎవరూ అబద్ధం రాయలేదు. మొదటిది ఇంటింటికీ వెళ్ళి ఆడమనిషిని అడిగి రాసుకున్నది. రెండోది మందుల అమ్మకాల లెక్క తీసి, ఆరు రాష్ట్రాల్లో ఆసుపత్రుల్ని సర్వే చేసి, వెనకనుంచి కట్టుకుంటూ వచ్చినది, ఆ ఆరింటిలో మన ఆంధ్ర లేదు. ఆ కోటి 56 లక్షల్లో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో అయిపోయినవే, ఆసుపత్రిలో అయినవి 22 శాతం. మరి పదింట తొమ్మిది వంతులు అడిగినప్పుడు బయటికి రాని సంగతిని పట్టుకుని, బయటికొచ్చిన ఆ ఒక వంతులో చదువుకున్నోళ్ళు ఎక్కువ చదువులేనోళ్ళు తక్కువ అని కొలతలు వేస్తే దాన్ని ఏమనాలి.

ఎందుకు బయటికి రాదో నేను కళ్ళారా చూసింది చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక సర్వేకి వచ్చిన అమ్మాయిని, పాపం బయట జిల్లా పిల్ల, మంచి ఓపిక, మా ఆశా కార్యకర్త, నేను కలిసి ఒక ఊరికి తీసుకెళ్ళాం. ఊరి పేరు వద్దులెండి. వీధరుగు మీద అత్తగారు చింతపండు గింజలు తీస్తోంది, కోడలు స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అడగాల్సిన రూలు ఏమిటంటే ఆమె ఒక్కదాన్నే పక్కకి కూర్చోబెట్టి అడగాలి, కానీ ఆ ఇంట్లో ఉన్నదే ఒక గది, అందులో మామగారు పడుకున్నాడు. పిల్లలెంతమంది, కాన్పులెక్కడ, అన్నీ అయ్యాక "మధ్యలో గర్భం ఏదైనా పోయిందా, తీయించుకున్నారా" అని ఆ అమ్మాయి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అడిగింది. కోడలు తలెత్తి అత్తకేసి చూసింది. అత్త గింజ తీస్తూనే "మా కోడలికి అలాటివేటీ నేవమ్మా, రాసుకో" అంది. ఆ పిల్ల కూడా "నేదమ్మా" అంది. నేను నేలకేసి చూస్తూ కూచున్నాను. ఎందుకంటే అంతకు ఆరునెల్ల ముందు అదే పిల్లని ఒళ్ళంతా చల్లబడిపోయి ఉంటే ఆటోలో పడేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది నేనే, మెడికల్ షాపు నుంచి మొగుడు తెచ్చిన అబార్షన్ మాత్రల కిట్టు వేసుకుని నాలుగు రోజులుగా బ్లీడింగ్ ఆగక. ఆసుపత్రిలో "ఇన్‌కంప్లీట్ అబార్షన్", అంటే కడుపు సగమే పోయిందని రాశారు, కిట్టు సంగతి వాళ్ళూ గట్టిగా అడగలేదు వీళ్ళూ చెప్పలేదు, నెలాఖరు రిపోర్టులో అది తనంతట పోయిన గడిలోకి వెళ్ళిపోయింది. చూడండి, ఒక్క పిల్ల, ఒక్క కడుపు, సర్వేలో లేదు, ఎంటీపీ గడిలో లేదు, ఉన్న ఒక్కచోట తప్పు గడిలో ఉంది. ఇలాంటి పిల్ల మీ చార్టులో "పల్లె, చదువు లేనివారు" అనే పొట్టి పట్టీలో సున్నా అన్నమాట.

చదువుకున్న అమ్మాయి సంగతి వేరు. విజయనగరంలోనో విశాఖలోనో అద్దె ఇంట్లో వేరుగా ఉంటుంది, అత్తగారు పక్కన ఉండదు, డాక్టరు దగ్గరికి వెళ్ళి రసీదు తీసుకుని చేయించుకుంటుంది, సర్వేవాళ్ళు వస్తే తలుపు దగ్గరికి వేసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. సర్వేలో పట్నంలో, కలిగిన ఇళ్ళల్లో అబార్షన్లు కాస్త ఎక్కువ కనిపించడానికి ఇది ఒక కారణం, ఇదొక్కటే అని నేననను. అమెరికాలో అంత చదువులు, అంత ప్రైవసీ ఉన్నచోట కూడా ఇంటర్వ్యూల్లో అబార్షన్ చెప్పేవాళ్ళు జరిగినవాటిలో సగానికి కూడా రారని అక్కడి పరిశోధకులే తేల్చారు, మరి మన అరుగు మీద ఎంత బయటికి వస్తుందనుకుంటున్నారు.

రిజిస్టర్ల లెక్క ఇంకో తీరు. లాన్సెట్ లెక్క నాటికి ప్రభుత్వ రికార్డుల్లో దేశం మొత్తానికి ఏడాదికి పడుతున్నవి ఏడు లక్షలు మాత్రమే, అక్కడ కోటిన్నర పైన. నేను చేసిన ఒక పీహెచ్‌సీలో ఎంటీపీ గడి నెలల తరబడి సున్నాయే, ఎందుకంటే ట్రైనింగ్ అయిన డాక్టరు లేరు, వచ్చినోళ్ళందర్నీ టౌన్‌కి పొమ్మనేవాళ్ళం. టౌన్లో అయినది టౌన్ లెక్కలో పడుతుంది. అలాగే సరిహద్దు దాటినవి, ఇచ్ఛాపురం కవిటి వైపు వాళ్ళు బరంపురం పోతారు, కొత్తవలస వాళ్ళు విశాఖ పోతారు, వాళ్ళ అబార్షన్లు ఒడిశా లెక్క, విశాఖ లెక్క. చెన్నై హైదరాబాద్ కూలికెళ్ళిన జంటల సంగతి అసలు అడక్కండి. చివరికి పట్నం పట్టీ పొడుగు, పల్లె పట్టీ పొట్టి. ఆసుపత్రులు ఎక్కడున్నాయో చూపించే బొమ్మ అది, ఆడవాళ్ళ గుణం చూపించేది కాదు.

ఇంకోటి, మీ చార్టులో 2019 విజయనగరం పక్కన ఇప్పటి విజయనగరం పెట్టి బాణం గుర్తు వేశారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చిందండీ! సాలూరు, కురుపాం, పార్వతీపురం మన జిల్లా నుంచి పోయాయి, పాలకొండ శ్రీకాకుళం నుంచి పోయింది, రాజాం శ్రీకాకుళం నుంచి మనకొచ్చింది. ఏజెన్సీ మండలాలన్నీ దాదాపు అటే వెళ్ళిపోయాయి. అంటే రికార్డు తక్కువ పడే కొండ ఊళ్ళు లెక్కలోంచి బయటికి పోతే ఒక్క ఆడమనిషి కూడా కొత్తగా ఏమీ చేయకుండానే మిగిలిన జిల్లా సగటు పైకి లేచిపోతుంది. ఉమ్మడి ఇంట్లో వేరు పడ్డాక తలసరి బియ్యం ఖర్చు మారిందంటే ఎవరో ఎక్కువ తిన్నారని కాదు కదా. పైగా ఆ 2019 నాటి సర్వేలో జిల్లాకి పట్టుకున్నవి సగటున ఓ తొమ్మిదొందల ఇళ్ళు, దేశం మొత్తానికి 707 జిల్లాల్లో 6 లక్షల 37 వేల ఇళ్ళు. అందులో గర్భం వచ్చినవాళ్ళెందరు, అందులో అబార్షన్ చెప్పినోళ్ళెందరు, అందులో గిరిజనులెందరు, వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మిగుల్తారు. ఆ పదిమందిలో ఇద్దరు అటూ ఇటూ అయితే మీ పట్టీ చెట్టంత పెరుగుతుంది.

ఇప్పుడు దేనికి ఎంత అనే దానికి వస్తాను, ఇది కాస్త లెక్కల పాఠంలా ఉంటుంది ఏమనుకోకండి. ఒక ఊళ్ళో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళు 1000 మంది ఉన్నారనుకోండి, ఏడాదిలో కాన్పులు 100, అబార్షన్లు 20. పక్క ఊళ్ళో కూడా 1000 మందే, కాన్పులు 40, అబార్షన్లు 12. వెయ్యిమంది ఆడవాళ్ళకి ఎన్ని అంటే మొదటి ఊరు 20, రెండో ఊరు 12, కాబట్టి మొదటి ఊరు ఎక్కువ. నూరు కాన్పులకి ఎన్ని అంటే మొదటి ఊరు 20, రెండో ఊరు 30, కాబట్టి రెండో ఊరు ఎక్కువ. అవే ఊళ్ళు అవే మనుషులు, కింద పెట్టిన అంకె మారితే దొంగ ఎవరో మారిపోయాడు. చదువుకున్న అమ్మాయిలు పిల్లల్ని తక్కువ కంటారు, కాన్పులు తక్కువ కాబట్టి కాన్పుల మీద లెక్కేస్తే వాళ్ళది ఎప్పుడూ పొడుగు పట్టీయే. మీరు వేసింది దేనిమీదో ఒక్క ముక్క కింద రాసుంటే ఈ ఉత్తరంలో సగం రాసేదాన్ని కాదు.

ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో ఎవరెంత శాతం అని చూపించే లెక్క ఇంకా మోసం. అమెరికాలో 2014లో అబార్షన్ చేయించుకున్నవాళ్ళలో 24 శాతం క్యాథలిక్కులు అని వస్తే, చర్చి వద్దంటున్నా నాలుగో వంతు వాళ్ళేనా అని నోళ్ళు తెరిచారు. తీరా చూస్తే అక్కడి పెద్దవాళ్ళ జనాభాలోనే క్యాథలిక్కులు ఐదో వంతు పైన ఉన్నారు, అందరూ ఎంతో వాళ్ళూ దాదాపు అంతే. మన జిల్లాలో నర్సింగ్ హోం బయట నిలబడి చూస్తే వచ్చేవాళ్ళలో బీసీలే ఎక్కువ ఉంటారు, నిజమే, రేషన్ క్యూలో కూడా వాళ్ళే ఎక్కువ, పైడితల్లి సిరిమానోత్సవంలో కూడా వాళ్ళే ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ఉన్నదే వాళ్ళు ఎక్కువ.

వయసు పట్టీ గురించి కూడా రెండు మాటలు. ముప్పై ఐదు దాటినోళ్ళలో తక్కువ, ఇరవైల్లో ఎక్కువ అని చూపించి ఈ కాలం పిల్లలు అని ఒక వాక్యం తగిలించారు. ఆ 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయినవాళ్ళలో ఏదో ఒక కుటుంబ నియంత్రణ పద్ధతి వాడేవాళ్ళు నూటికి 71 మంది, ఆ 71లో దాదాపు 70 ఆడవాళ్ళ ఆపరేషనే. మాత్రలు, లూపు, నిరోధ్ అన్నీ కలిపినా చిటికెడు. మా టార్గెట్లే అలా ఉండేవి, నేనూ ఎంతమందినో క్యాంపులకి తోలుకెళ్ళాను, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్, ఇరవై ఐదుకే అయిపోతుంది, ఆ తరవాత నెల తప్పడమే ఉండదు కాబట్టి అబార్షనూ ఉండదు, ముప్పై ఐదులో బుద్ధిమంతులైపోయి కాదు. ఇబ్బందంతా పెళ్ళికీ ఆపరేషన్‌కీ మధ్యలో ఉన్న ఆ నాలుగైదేళ్ళది. పెద్దది ఇంకా పాలు మానలేదు, మళ్ళీ నెల తప్పింది, ఎడం ఎలా పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు, చెప్పినా మొగుడు విన్లేదు. నా దగ్గరికి వచ్చినోళ్ళలో సగం పైన చంకలో పిల్లతో వచ్చినవాళ్ళే. అమెరికాలో కూడా చేయించుకునేవాళ్ళలో 59 శాతం అప్పటికే తల్లులు, అది కూడా 2014 లెక్కే.

పద్దెనిమిది నిండనివాళ్ళ పట్టీ చూశాను, దాదాపు కనపడనంత చిన్నది. మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య ఉన్నవాళ్ళలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయిందని అదే సర్వే చెప్తోంది. మరి వాళ్ళకి కడుపులు రాలేదా, పోలేదా? వచ్చినప్పుడు వయసెంత అని అడిగితే తల్లి గభాలున "పందొమ్మిదమ్మా" అంటుంది, ఆ పిల్ల తల దించుకుంటుంది, మేం పందొమ్మిదని రాసీసేవాళ్ళం. ఎందుకంటే 2012లో పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం వచ్చాక తక్కువ వయసని రాస్తే పోలీసులకి చెప్పాలి, కేసు మొగుడి మీద పడుతుంది, ఆ భయానికి ఆసుపత్రికే రాకుండా కిట్టుకో నాటువైద్యానికో పోతారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో అలాంటి చిన్నపిల్ల, ఆమె తరఫు వాళ్ళు కోరితే డాక్టరు ఆమె పేరూ వివరం పోలీసులకి బయటపెట్టక్కర్లేదని చెప్పింది, అది ఎంతమంది డాక్టర్లకి తెలుసో, తెలిసినా ధైర్యం చేస్తారో. కాబట్టి ఆ చిన్న పట్టీలో ఉండాల్సినోళ్ళు పక్కనున్న ఇరవైల పట్టీలో కూర్చున్నారు, దాన్ని చూసి మీరు ఈ కాలం పిల్లలన్నారు.

పెళ్ళికాని వాళ్ళదీ అంతే. అబార్షన్ల మీద ఉన్న 1971 చట్టంలో గర్భనిరోధక సాధనం పనిచేయలేదు అనే కారణం పెళ్ళయిన ఆమెకే ఇచ్చారు, మొగుడూ పెళ్ళాం అనే రాశారు. 2021 సవరణలో భర్త అనే మాట తీసి భాగస్వామి అని పెట్టారు, ఆ 2022 తీర్పు 24 వారాల వరకూ పెళ్ళి కాని వాళ్ళకీ అదే హక్కు అంది. ఆ సవరణ వచ్చేదాకా పెళ్ళి కాని అమ్మాయి ఫారం మీద మానసిక ఆరోగ్యానికి హాని అనో ఇంకేదో రాయాల్సిందే. రేపు ఎవరైనా ఆ ఫారాలు దులిపి పెళ్ళికాని ఆడపిల్లల్లో మానసిక సమస్యల వల్ల అబార్షన్లు ఎక్కువ అని ఇంకో చార్టు గీసినా నేను ఆశ్చర్యపోను. అన్నట్టు పద్దెనిమిది దాటితే ఫారం సి అనే ఒప్పుదల కాగితం మీద ఆమె సంతకం ఒక్కటి చాలు, మొగుడిది అక్కర్లేదు, అయినా ఇప్పటికీ మొగుడు సంతకం పెడితేనే చేస్తామనే చోట్లు నాకు తెలుసు, అలా తిప్పి పంపినవాళ్ళు ఏ లెక్కలో పడతారు చెప్పండి.

అబార్షన్ అనగానే ఆడపిల్లని చంపుకోవడం అని కూడా మీ స్టోరీలో ఒక చోట కలిపేశారు. లింగనిర్ధారణ నేరం, 1994 నుంచీ చట్టం ఉంది, అలాంటి స్కానింగ్‌లు చేసేవాళ్ళని పట్టుకోవాల్సిందే. కానీ స్కానింగ్‌లో ఆడో మగో తెలిసేటప్పటికే మూడు నెలలు దాటిపోతుంది, కిట్టు వేసుకునేదేమో తొమ్మిది వారాల లోపు. రెండూ ఒక గాటన కట్టేస్తే మెడికల్ షాపు వాడు భయపడి కిట్టు దాచేస్తాడు, మాత్రతో పోయేది ముదిరి నాలుగో నెలకొస్తుంది, అప్పుడు ప్రాణం మీదికి.

నాకు కావలసింది పెద్ద సవరణ ఏమీ కాదండీ. ఆ చార్టు కింద ఇది సర్వేనా రిజిస్టరా, ఏ సంవత్సరం, పాత జిల్లానా కొత్త జిల్లానా, వెయ్యి మంది ఆడవాళ్ళకా నూరు కాన్పులకా, తనంతట పోయినవి కలిపారా లేదా, ఎంతమందిని అడిగారు, ఇవి ఒక రెండు లైన్లు వేయండి. హెడ్డింగు మార్చండి. ఆ స్టోరీ రాసిన అబ్బాయి ఎప్పుడైనా బొబ్బిలి వైపు వస్తే మా ఇంటికి రమ్మనండి, నా పాత డైరీలు అటక మీద ఉన్నాయి. పేర్లు ఉండవు, నేను రాయలేదు, రాయకూడదు కూడా. నాకు తెలిసి జరిగిన ప్రతి దానికీ ఆ తేదీ దగ్గర పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకునేదాన్ని. రిజిస్టర్లో సున్నా ఉన్న నెలల్లో కూడా కొన్ని పేజీలు చుక్కలతో నిండిపోయి ఉంటాయి.

ఇట్లు
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్వైజర్
బొబ్బిలి, విజయనగరం జిల్లా
(దయచేసి నా పేరు వేయకండి, ఆ ఊళ్ళవాళ్ళు నన్ను గుర్తుపడితే వాళ్ళనీ గుర్తుపడతారు)